నలభై దాటాక పరుగు: తిరుపతి గ్రౌండులో నా అనుభవం

"మోటివేషన్ పోయింది" అనే మాట నేను ఈ మధ్య వాడటం లేదు. పరుగు మొదలుపెట్టిన కొత్తలో మాత్రం వారానికోసారైనా అనేదాన్ని. అలా అనిపించినప్పుడల్లా ఫోన్‌లో ఏదో ఒక వీడియో పెట్టుకొని, ఎవరో గట్టిగా అరిచి చెప్పే మాటలు వినేదాన్ని. మర్నాడు ఠంచనుగా లేచేదాన్ని, ఎల్లుండి మళ్ళీ దుప్పటి కప్పుకునేదాన్ని. అలా కొన్ని నెలలు గడిచాక గమనించింది ఏమిటంటే, నాకు ఉత్సాహం తగ్గిన ప్రతిసారీ దాని వెనక ఒక మామూలు కారణం ఉంది. ఒకసారి కాలి ఎముక, ఒకసారి ఎండ, ఇంకోసారి రక్తం. ఎక్కువసార్లు మాత్రం నా ఒంటికి మించిన వేగం. నాలాగే ఆలస్యంగా మొదలుపెట్టిన ఆడవాళ్ళకు పనికొస్తుందేమోనని వివరంగా రాస్తున్నాను.

నాకు నలభై రెండేళ్ళు. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా అంతే. ఒకసారి రక్త పరీక్షలో హెచ్‌బీఏవన్‌సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, 6.1 వచ్చింది. ఈ పరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు, 6.5 నుంచి షుగరే. మా నాన్నకు షుగర్, మేనత్తకు షుగర్. డాక్టరమ్మ మాత్రలేమీ రాయకుండా "నడవండి, అన్నం తగ్గించండి" అంది.

అలా ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకు నడకకు పోవడం మొదలైంది. తెల్లారి ఐదింటికి అక్కడ సగం ఊరు ఉంటుంది. రిటైరైన సార్లు, మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్న అమ్మలు, క్రికెట్ కిట్లు మోసుకొచ్చే పిల్లలు, వీళ్ళందరి మధ్యలో కానిస్టేబుల్ సెలక్షన్లకు ప్రాక్టీసు చేసే అమ్మాయిలు, అబ్బాయిలు. పాకాల, పుత్తూరు, చంద్రగిరి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటూ ఉంటారు. మన రాష్ట్రంలో పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంటుంది, అంటే 400 మీటర్ల ట్రాక్‌లో నాలుగు రౌండ్లు. మగవాళ్ళు 8 నిమిషాల్లో, ఆడవాళ్ళు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. నేను నడుస్తుంటే ఆ ఆడపిల్లలు నన్ను దాటుకుంటూ పోయేవాళ్ళు. చెమటకు తడిసి, ముఖాలు కందిపోయి, చివరి రౌండులో పళ్ళు బిగించి పరిగెత్తేవాళ్ళు. వాళ్ళను చూసే నాకు ఈ పిచ్చి పట్టింది. ఒకరోజు ఒకమ్మాయి వెనకాలే నేనూ పరిగెత్తి చూశాను. వంద మీటర్లు కూడా పోలేదు, డొక్కలో పోటు వచ్చి నిలబడిపోయాను. ఆ అమ్మాయి తన రౌండు ముగించుకొని వచ్చి, "అక్కా, నీళ్ళు తాగుతారా?" అని బాటిల్ ఇచ్చింది.

ఇంటికొచ్చి వెతికితే ఒక తొమ్మిది వారాల ప్లాన్ దొరికింది. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ కుర్రాడు యాభై దాటిన తన తల్లి కోసం తయారుచేశాడట. ఆ సంగతి చదవగానే నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే మిగతావన్నీ పాతికేళ్ళ వాళ్ళ కోసం రాసినట్టున్నాయి. వారానికి మూడు రోజులు, నడుమ ఒక రోజు విశ్రాంతి. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. ఒక నిమిషమే కదా అనిపిస్తుంది. ఆరోసారి ఆ నిమిషం పరుగుకు వచ్చేసరికి అంత తేలికగా ఉండదు.

ఇక్కడ ఒక మాట. మొదట షూ కొనాలని అందరూ చెప్తారు, నాకు వాటికన్నా ముందు కావాల్సి వచ్చింది మంచి స్పోర్ట్స్ బ్రా. ఈ సంగతి ఎవరూ ఎక్కడా చెప్పలేదు. మామూలు వాటితో పరిగెత్తితే నొప్పి, ఒరుసుకొని మంట, పైగా ఎవరు చూస్తున్నారో అని బిగుసుకుపోయి భుజాలు ముందుకు వంచి పరిగెత్తడం. నేను మొదటి వారమంతా చున్నీని నడుముకు బిగించి కట్టుకొని పరిగెత్తాను. సరైనది కొన్నాక నా పరుగే మారింది. షాపులో అడగడానికి మొహమాటపడి వెనక్కి వచ్చే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారని తెలుసు, అందుకే రాస్తున్నా. అడగండి, ఏం కాదు.

ఇంట్లో మా ఆయన ఏమీ అనలేదు, టీ తనే పెట్టుకుంటానన్నాడు. మా అత్తమ్మే, "ఇంట్లో ఇంత పని పెట్టుకొని పరిగెత్తేదేంది మే? ఎవురన్నా తరుముతా ఉండారా?" అని నవ్వింది. ఆమె నవ్వు నాకు కష్టమనిపించలేదు. గ్రౌండులో వాకింగ్‌కు వచ్చే పెద్దాయన ఒకరు మాత్రం రోజూ, "ఈ వయసులో మోకాళ్ళు పోతాయమ్మా" అని ఉచిత సలహా పారేసేవారు. నిజానికి సరదాగా పరిగెత్తేవాళ్ళకు మోకీళ్ళ అరుగుదల ఎక్కువ వస్తుందని ఎక్కడా తేలలేదు, ఒంట్లో బరువు పెరిగి కూర్చునే ఉండటమే మోకాళ్ళకు చేటు. ఆయనకు అది చెప్పే ఓపిక నాకు ఆ టైములో ఉండేది కాదు, ఊపిరి ఆడితే కదా.

మూడో వారంలో మొదటిసారి మానేద్దామనిపించింది. ఒకటిన్నర నిమిషం, మూడు నిమిషాలు పరిగెత్తాలి. మూడు నిమిషాల పరుగు దగ్గర ప్రతిసారీ రెండో నిమిషానికే గుండె గొంతులోకి వచ్చేది. ఇదంతా నా వల్ల కాదు, మనసు గట్టిగా లేదు అనుకున్నాను. అక్కడ పిల్లలకు ఊరికే నేర్పించే రిటైర్డ్ పీఈటీ సారు ఒకరున్నారు. నన్ను కొన్ని రోజులు చూసి ఒకరోజు పిలిచి, "ఏమ్మా, ఎవరితో పోటీ?" అన్నారు. ఎవరితోనూ లేదు సార్ అన్నాను. "అయితే ఎందుకంత తొందర? గోవిందా గోవిందా అని మాట తెగకుండా అనగలిగేంత మెల్లగా పరిగెత్తు. అనలేకపోతే ఇంకా తగ్గించు" అన్నారు.

ఇంగ్లీషులో దీన్నే టాక్ టెస్ట్ అంటారని తర్వాత తెలిసింది. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఒంటికి తగ్గ వేగం అన్నమాట. ఆ ప్రకారం నా వేగం ఎంతకు తగ్గిందంటే, చురుగ్గా నడిచే అంకుల్స్ నన్ను దాటుకొని పోయేవాళ్ళు. దాటిపోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కూడా. ఈ సిగ్గును దాటడమే నాకు మొత్తం ప్రయాణంలో కష్టమైన పని. ఊపిరి కన్నా, నొప్పి కన్నా. నలభై రెండేళ్ళ మనిషి, కాలేజీలో పదిమంది మేడమ్ అని పిలిచే మనిషి, పొద్దున్నే అందరి ముందూ నడక కన్నా మెల్లగా పరిగెత్తడం! కానీ ఆ వేగంలో మూడు నిమిషాలు వచ్చాయి. తర్వాతి వారం ఐదు నిమిషాలు కూడా వచ్చాయి.

అప్పుడే పిక్కల ముందువైపు, మోకాలికీ చీలమండకూ నడుమ ఉండే ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. షిన్ స్ప్లింట్స్ అంటారు, కొత్తగా పరిగెత్తేవాళ్ళకు చాలామందికి వస్తుంది. మొదట పరుగు మొదలుపెట్టినప్పుడు ఉండి తర్వాత తగ్గిపోయేది. నాలుగు రోజులకు మెట్లు దిగుతున్నా తెలిసింది. ఫిజియోథెరపిస్టు వేలితో ఎముక పొడవునా నొక్కి చూసి, నొప్పి బెత్తెడు మేర పరుచుకొని ఉంది కాబట్టి ఫర్వాలేదన్నాడు. ఒకే ఒక్క చోట, వేలు పెడితే ఉలిక్కిపడేట్టు ఉంటే ఎముకలో చీలిక అనుమానించాలట. ఆయన చెప్పిన ఇంకో మాట నాకు బాగా పనికొచ్చింది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాలను ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి టెండన్లకు నెలలు పడుతుంది. అందుకని ఊపిరి బాగుండి, ఇంక పరిగెత్తగలను అనిపించే సమయంలోనే కాళ్ళు దెబ్బతింటాయి.

పరుగు ఆపి నడవమన్నాడు. మునివేళ్ళ మీద లేచి దిగే వ్యాయామం రోజూ చేయమన్నాడు. పాలు కాగే దాకా స్టవ్ దగ్గర నిలబడి అదే చేసేదాన్ని. అలవాటు పోకుండా గ్రౌండుకు మాత్రం అదే టైముకు పోయేదాన్ని. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్న నియమం. పరిగెత్తకపోయినా షూ వేసుకొని ఐదింటికి గేటు దాటాలి. ఆ పది పదిహేను రోజులు ఇంట్లో పడుకొని ఉంటే నేను మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు, నా సంగతి నాకు తెలుసు.

తిరిగి మొదలుపెట్టాక నాలుగో వారాన్ని మళ్ళీ చేశాను. ఐదో వారం గురించి చెప్పాలి. ఆ ప్లాన్‌లో ఐదో వారం మొదటి రోజు ఐదేసి నిమిషాల పరుగులు మూడు, రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలవి రెండు. మూడో రోజు ఒక్కసారిగా ఇరవై నిమిషాలు, నడుమ నడక లేకుండా! మొదట చూసినప్పుడు అచ్చు తప్పేమో అనుకున్నాను. అంతకు ముందు నా జీవితంలో ఎప్పుడూ ఎనిమిది నిమిషాలకు మించి పరిగెత్తలేదు, స్కూల్లో కూడా. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పరీక్షకు పోయేటప్పుడు ఉండే టెన్షన్.

ఆ రోజు అక్టోబరు చివర, మబ్బు పట్టి చల్లగా ఉంది. శేషాచలం కొండ మీద మబ్బు దిగి ఉంది. ట్రాక్‌లో బయటి అంచున మొదలుపెట్టాను, లోపలి లేన్లు వేగంగా పోయేవాళ్ళకు వదిలేయాలి, అది అక్కడి పద్ధతి. ఫోన్ జేబులో పెట్టుకొని, టైము చూడనని ఒట్టు పెట్టుకున్నాను. మొదటి ఐదు నిమిషాలు కష్టంగా ఉంది, ఎప్పుడూ అంతే, ఒళ్ళు వేడెక్కేదాకా ప్రతి అడుగూ వద్దు వద్దంటుంది. ఎనిమిది దాటిందో లేదో తెలియదు. ఎక్కడో మధ్యలో ఊపిరి ఒక వరసలో పడింది. మూడు అడుగులకు లోపలికి, మూడు అడుగులకు బయటికి. కానిస్టేబుల్ పిల్లలు రెండుసార్లు దాటారు. మొదట నీళ్ళిచ్చిన అమ్మాయి దాటుతూ, "ఆగొద్దక్కా, రొంత సేపే" అంది, నాకింకా ఎంతసేపుందో ఆమెకేం తెలుసో! అలారం మోగినప్పుడు నేను ఆగలేదు. ఆగితే ఏడుస్తానేమో అనిపించి, గేటు దాకా అలాగే పోయాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే, "ఇరవై నిమిషాలేనా?" అన్నాడు. పరిగెత్తని వాళ్ళకు కొన్ని విషయాలు చెప్పకూడదు.

తమాషా ఏమిటంటే ఆ తర్వాతి వారం ప్లాన్ మళ్ళీ వెనక్కి పోయి ఐదు, ఎనిమిది, ఐదు నిమిషాల ముక్కలు ఇస్తుంది. ఇరవై పరిగెత్తినదాన్ని, ఇదేముంది అనుకున్నాను. అదే కష్టమైంది. గొప్పగా గెలిచాననుకున్న మర్నాడే కాళ్ళు ఈడ్చుకుంటూ పోవడం బాగా నిరాశ పెడుతుంది. చాలామందికి అంతేనని పీఈటీ సారు అన్నారు, పిల్లల్లోనూ బెస్ట్ టైమ్ వచ్చిన మర్నాడు గ్రౌండుకు రానివాళ్ళే ఎక్కువట.

నవంబరు, డిసెంబరు నెలలు వానకే పోయాయి. మనకు తిరుపతి వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మూడు రోజులు తెరిపి ఉండదు. అది చాలదన్నట్టు యూనివర్సిటీ వైపు చిరుత తిరుగుతోందని కబురు. అడవి అంచునే ఉంది కాబట్టి అలాంటి కబుర్లు అక్కడ కొత్త కాదు, కానీ చీకట్లో ఒంటరిగా పోయే ధైర్యం ఎవరికుంటుంది? వెలుతురు వచ్చాక పోతే ఆఫీసుకు ఆలస్యం. ఇంట్లోనే గుంజీళ్ళలాంటివి చేసుకుంటూ గడిపాను. ఈ కాలం గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికేం లేదు.

సంక్రాంతి తర్వాత రెండు వారాలు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాను. రెండు నెలల పైన విరామంలో ఊపిరి చాలా తగ్గింది కానీ మొదటికి రాలేదు. ఫిబ్రవరి నాటికి ముప్పై నిమిషాలు ఆగకుండా పరిగెత్తాను. ఆ ప్లాన్ అక్కడితో పూర్తి. దాన్ని ఐదు కిలోమీటర్ల ప్లాన్ అంటారు కానీ, ముప్పై నిమిషాల్లో నేను పోయింది తొమ్మిదిన్నర రౌండ్లు, నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. నాకు చిన్నతనం అనిపించింది. తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది, నేను పోయేది బయటి లేన్‌లో. లోపలి లేన్‌లోనే 400 మీటర్లు, ఎనిమిదో లేన్‌లో అయితే దాదాపు 450. నాలుగు కిలోమీటర్లు దాటేశాననీ అర కిలోమీటరు దాకా ఊరికే పోగొట్టుకున్నాననీ తెలిసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆ సంబరం మార్చిలో ఆవిరైంది. అదే గ్రౌండు, అదే వేగం, పది నిమిషాలకే కాళ్ళు బరువెక్కి ఊపిరి అందదు. మెట్లెక్కితే ఆయాసం. ఆఫీసులో మధ్యాహ్నం మూడింటికే కళ్ళు మూతలు. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాను. తర్వాత బద్ధకం అనుకున్నాను. మళ్ళీ వీడియోలు, మళ్ళీ అరుపులు. ఒకరోజు ఆఫీసులో కళ్ళు తిరిగితే రక్త పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 9.8. ఆడవాళ్ళకు 12 ఉండాలి. నలభై దాటాక నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం మొదలైంది, అది మామూలే అని ఊరుకున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నూటికి 57 మంది! ఇంతమందిమి కలిసి బద్ధకం అనుకుంటూ బతుకుతున్నాం. ఊపిరితిత్తుల్లోంచి ప్రాణవాయువును కండరాలకు మోసేది హిమోగ్లోబినే. అది తక్కువైతే ఎంత పట్టుదల ఉన్నా కాళ్ళకు అందేది అందదు.

ఐరన్ మాత్రలు రాశారు. కాఫీ, టీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు, వాటికీ మాత్రకూ కనీసం గంటైనా ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే మంచిది. మలం నల్లగా వస్తుంది, కంగారు పడనక్కర్లేదు. స్త్రీల డాక్టరుకు చూపించుకుని నెలసరి సంగతీ సరిచేసుకున్నాను. ఆ రెండు నెలలూ నడకే. కొంచెం పరిగెత్తాలనిపించినా మెల్లగా, అదీ తెల్లారకముందే. ఆ టైములో కత్తెర ఎండలు కూడా తోడయ్యాయి. తిరుపతిలో మేలో ఐదింటికే గాలి వేడిగా ఉంటుంది. ఎండలో ఒళ్ళు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పరుగు తీస్తుంది కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆ రెండు నెలలు వాచీ తీసి ఇంట్లో పెట్టాను, టైముతో పని లేదని.

జూలైలో పన్నెండున్నర రౌండ్లు, ఈసారి లోపలి లేన్‌లోనే, 41 నిమిషాల్లో పూర్తయ్యాయి. పొద్దున్నే జనం తక్కువగా ఉన్న ఆదివారం చూసుకున్నాను. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అంత సులువుగా జరిగింది. ఇరవై నిమిషాల నాటి ఏడుపేమీ రాలేదు. మొదటి ఐదు కిలోమీటర్లే అందరికీ పెద్ద మైలురాయి అంటారు, నాకు మాత్రం కాదు.

నాకు ఎక్కువ సంతోషమైంది దసరా సెలవుల్లో. బంధువులొస్తే అందరం శ్రీనివాసమంగాపురం దగ్గర నుంచి శ్రీవారి మెట్టు మార్గంలో కొండెక్కాం. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర, కానీ నిటారుగా ఉంటుంది. మూడేళ్ళ కిందట ఎక్కినప్పుడు నేనే అందరికన్నా వెనక, రెయిలింగ్ పట్టుకొని, ప్రతి మలుపులో కూర్చుంటూ. ఈసారి మా పెద్దమ్మ చేయి పట్టుకొని, ఆమె వేగానికి ఎక్కుతూ, మధ్యలో ఆమెతో ఊరి కబుర్లన్నీ చెప్పించుకుంటూ పైకి పోయాను. అందరికన్నా చివర చేరింది మేమే. మెట్ల మీద టైము పెట్టుకొని, హెడ్‌ఫోన్లతో, దండాలు పెట్టుకుంటూ పోయే ముసలివాళ్ళను తోసుకుంటూ ఎక్కేవాళ్ళను చూస్తే నాకు నచ్చదు. పరుగుకు గ్రౌండు ఉంది కదా. మర్నాడు తొడలు పట్టేశాయి, అది వేరే సంగతి. పరుగులో, మెట్లెక్కడంలో కండరాల మీద పడే భారం ఒకలా ఉండదు.

హెచ్‌బీఏవన్‌సీ మొన్న 5.8 వచ్చింది. పరుగు ఒక్కటే కారణమని చెప్పను, రాత్రి అన్నం బాగా తగ్గించాను. సంగటి మంచిదే కదా అని రెండు ముద్దలు తినేదాన్ని, డాక్టరమ్మ ఒకటికి దించింది. కానిస్టేబుల్ పిల్లల 1600 మీటర్లు నేను ఇప్పటికీ 12 నిమిషాల పైనే పోతాను. పాత పిల్లలు చాలామంది వెళ్ళిపోయారు, కొత్త బ్యాచ్ వచ్చింది.

ఈ నెల నుంచి మా వీధిలో టైలరింగ్ చేసే అక్క కూడా నాతో వస్తోంది. మొదటి రోజే నా పక్కన పరిగెత్తబోయి, "ఏంది మే ఇంత నిదానంగా పోతావు, నాకంటే మెల్లగుండావే" అంది. గోవిందా అనమన్నాను. రెండోసారి అనలేక ఆగిపోయి నవ్వింది. షూ కొంటానంటే, సాయంత్రం పూట కొనమన్నాను, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, ముందు బొటనవేలంత కాకపోయినా గోరంతైనా ఖాళీ ఉండాలి. షూ కన్నా ముందు ఇంకోటి కొనాలని చెప్తే, "అదెందుకు, నేనే కుట్టుకుంటాలే" అంది. కుట్టింది కూడా. పట్టీ దగ్గర ఎలాస్టిక్ కాస్త లూజయిందని నిన్న మళ్ళీ విప్పి బిగిస్తోంది.